మూడో మజిలీలో ఆగిన పని: ఎరిత్రోమైసిన్ ఎంజైము దాచుకున్న పరిణామ చరిత్ర

డాక్టర్లు రాసే చీటీల్లో తరచుగా కనిపించే యాంటీబయాటిక్ పేరు అజిత్రోమైసిన్. కోవిడ్ రోజుల్లో ఈ పేరు తెలియని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. ఈ మందును 1980లో, ఇప్పటి క్రొయేషియాలో ఉన్న జాగ్రెబ్ నగరంలోని ప్లివా సంస్థలో పనిచేసే రసాయన శాస్త్రవేత్తలు తయారు చేశారు. అయితే అణువు మొత్తాన్ని వాళ్లు మొదటి నుంచీ కట్టుకుంటూ రాలేదు. అప్పటికే మందుగా వాడుకలో ఉన్న ఎరిత్రోమైసిన్‌ను తీసుకుని, దాని వలయంలో ఒకచోట కోత పెట్టి, ఒక నత్రజని పరమాణువును చొప్పించారు. పద్నాలుగు పరమాణువుల వలయం పదిహేనుకు పెరిగింది.

ఆ కోత ఎక్కడ పెట్టారన్నది ముఖ్యం. ఎరిత్రోమైసిన్ వలయంలో తొమ్మిదో కార్బన్ దగ్గర ఒక కీటోన్ ఉంది. అంటే ఆ కార్బన్‌కు ఆక్సిజన్ రెండు బంధాలతో అతుక్కుని ఉంటుంది. మూడో కార్బన్, అయిదో కార్బన్, పదకొండో కార్బన్ దగ్గర కూడా ఆక్సిజన్ ఉంది గానీ, అక్కడ అది హైడ్రోజన్‌ను తోడు తెచ్చుకుని హైడ్రాక్సిల్‌గా మారిపోయింది. తొమ్మిదో చోట మాత్రం మారలేదు. ఎరిత్రోమైసిన్‌కు ఉన్న పెద్ద బలహీనత ఇక్కడే ఉంది. కడుపులోని ఆమ్లం తగలగానే ఆరో కార్బన్ మీది హైడ్రాక్సిల్ వెళ్లి ఈ కీటోన్‌కు అతుక్కుంటుంది, మందు పాడవుతుంది. జాగ్రెబ్ శాస్త్రవేత్తలు అణువును పట్టుకోవడానికి దొరికిన పిడి కూడా ఈ కీటోనే. దాన్ని ఆధారం చేసుకునే నత్రజనిని లోపలికి పంపారు. కీటోన్ పోయింది, దానితో పాటు ఆమ్లానికి లొంగే గుణమూ పోయింది.

మిగతా చోట్ల హైడ్రాక్సిల్‌గా మారిన ఆక్సిజన్ తొమ్మిదో చోట ఎందుకు మారలేదు? ఈ ప్రశ్నకు జవాబు ఎరిత్రోమైసిన్‌ను తయారు చేసే బ్యాక్టీరియా ఎంజైములో ఉంది. ఆ జవాబును వెతుక్కుంటూ వెళ్తే ఆ ఎంజైము ఎలా పుట్టిందో, ఎలా పెరిగిందో, ఏం పోగొట్టుకుందో కూడా బయటపడుతుంది.

కథ మొదలైంది ఫిలిప్పీన్స్‌లో. ఇలోయిలో ప్రాంతపు మట్టిని 1949లో అబెలార్డో ఆగిలార్ అనే వైద్యుడు తాను పనిచేస్తున్న ఎలీ లిల్లీ కంపెనీకి పంపాడు. అందులో దొరికిన బ్యాక్టీరియాను ఇప్పుడు సకారోపాలిస్పోరా ఎరిత్రియా అంటున్నారు. అది స్రవించే పదార్థం 1952లో ఎరిత్రోమైసిన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఈ అణువులో ఎడమా కుడీ తేడా ఉన్న కార్బన్ కేంద్రాలు పద్దెనిమిది. ఒక్కో కేంద్రం రెండు రకాలుగా ఉండవచ్చు కాబట్టి, అదే ఫార్ములాతో 2,62,144 రూపాలు సాధ్యం. బ్యాక్టీరియా వాటిలో ఒకే ఒక్కదాన్ని, ప్రతిసారీ తప్పకుండా తయారు చేస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు సంశ్లేషణ రసాయనానికి పెద్ద దిక్కయిన రాబర్ట్ ఉడ్‌వర్డ్ 1950లలో ఈ అణువును చూసి, దీన్ని ప్రయోగశాలలో కట్టడం ఆశ పెట్టుకోలేనంత జటిలమని రాశాడు. తర్వాత ఆయన బృందమే ఆ పని సాధించింది. ఆ పరిశోధన పత్రాలు 1981లో వెలువడ్డాయి, వాటి మీద 49 మంది పేర్లున్నాయి. ఉడ్‌వర్డ్ అప్పటికే 1979లో కన్నుమూశాడు.

అంతమంది మేధావులు ఏళ్ల తరబడి చేసిన పనిని మట్టిలోని సూక్ష్మజీవి ఏ పనిముట్టుతో చేస్తోంది? 1990, 1991 సంవత్సరాల్లో రెండు బృందాలు విడివిడిగా ఆ పనిముట్టును కనుగొన్నాయి. ఒకటి కేంబ్రిడ్జిలో పీటర్ లీడ్లే బృందం, రెండోది అబాట్ కంపెనీలో లియొనార్డ్ కాట్జ్ బృందం. వాళ్లకు దొరికినవి పక్కపక్కనే ఉన్న మూడు జన్యువులు, ఒక్కొక్కటీ దాదాపు పదివేల డీఎన్ఏ అక్షరాల పొడవు. బ్యాక్టీరియా జన్యువు సగటున వెయ్యి అక్షరాలకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఇవి రాక్షస జన్యువులే. వాటి నుంచి పుట్టే మూడు మహా ప్రొటీన్లు కలిసి ఆరు మాడ్యూళ్లుగా, అంటే ఆరు మజిలీలుగా పనిచేస్తాయి. ప్రతి మజిలీలోనూ కొన్ని డొమైన్లు, అంటే ప్రొటీనులోని విడి విడి భాగాలు ఉంటాయి. ఒక్కో డొమైనుదీ ఒక్కో పని.

స్లాబు వేసే రోజున కాంక్రీటు తట్టలు చేతులు మారుతూ పైకి వెళ్లడం చూసినవారికి ఈ ఎంజైము పనితీరు ఇట్టే అర్థమవుతుంది. తేడా ఒక్కటే. ఇక్కడ తట్ట చేతులు మారిన కొద్దీ అందులోని సరుకు పెరుగుతూ పోతుంది. మొదట మూడు కార్బన్ల ప్రొపియోనైల్ ముక్క ఎక్కుతుంది. తర్వాత ప్రతి మజిలీలోనూ మిథైల్‌మలోనైల్ అనే ముక్క వచ్చి చేరుతుంది. అది చేరేటప్పుడు ఒక కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. గొలుసు పొడవులో రెండు కార్బన్లు, పక్కకు పొడుచుకు వచ్చే మిథైల్ రూపంలో ఒక కార్బన్ మిగులుతాయి. మొత్తం మూడు, ఆరు మూళ్లు పద్దెనిమిది, వెరసి ఇరవై ఒక్క కార్బన్లు.

ముక్కను ఎంచుకుని తెచ్చేది ఎసైల్ ట్రాన్స్‌ఫరేజ్. దాన్ని గొలుసుకు కలిపేది కీటోసింథేజ్. పెరుగుతున్న గొలుసును పట్టుకుని ఉండేది ఎసైల్ వాహక ప్రొటీను. ఈ మూడూ లేని మజిలీ లేదు. ముక్క కలిసిన చోట ఎప్పుడూ కీటోనే ఏర్పడుతుంది. దాన్ని ఏం చేయాలన్నది ఆ మజిలీలో ఉన్న అదనపు డొమైన్ల మీద ఆధారపడి ఉంటుంది. కీటోరిడక్టేజ్ ఉంటే కీటోన్ హైడ్రాక్సిల్ అవుతుంది. డీహైడ్రేటేజ్ కూడా ఉంటే నీరు పోయి ద్విబంధం మిగులుతుంది. ఎనాయిల్ రిడక్టేజ్ కూడా తోడైతే ఆ ద్విబంధమూ పోయి, కొవ్వులో ఉన్నట్టు సాదా కార్బన్ గొలుసు మిగులుతుంది.

ఇప్పుడు మజిలీలను వరుసగా చూద్దాం. మొదటి మజిలీలో కీటోరిడక్టేజ్ ఉంది, పదమూడో కార్బన్ మీద హైడ్రాక్సిల్ వచ్చింది. రెండో దానిలోనూ ఉంది, పదకొండో కార్బన్ మీద హైడ్రాక్సిల్. నాలుగో మజిలీలో మూడు అదనపు డొమైన్లూ ఉన్నాయి, ఏడో కార్బన్ మీద ఆక్సిజన్ జాడే లేదు. అయిదు, ఆరు మజిలీల్లో కీటోరిడక్టేజ్ ఉంది, అయిదో కార్బన్, మూడో కార్బన్ హైడ్రాక్సిల్ తెచ్చుకున్నాయి. చివరన థయోఎస్టరేజ్ గొలుసు తోకను పదమూడో కార్బన్ మీది ఆక్సిజన్‌కు ముడివేసి వలయాన్ని మూసేస్తుంది. ఆ తర్వాత వేరే ఎంజైములు వచ్చి రెండు చక్కెరలను, రెండు హైడ్రాక్సిళ్లను తగిలిస్తాయి.

మధ్యలో మూడో మజిలీ ఉంది. అక్కడ కీటోరిడక్టేజ్ లాంటి డొమైన్ ఉంది కానీ అది కీటోన్‌ను ముట్టుకోదు. ఆ పనికి కావలసిన హైడ్రోజన్‌ను మోసుకొచ్చే ఎన్ఎడిపిహెచ్ అణువును పట్టుకునే శక్తి దానికి లేదు. తొమ్మిదో కార్బన్ మీది కీటోన్ అలాగే మిగిలిపోవడానికి కారణం ఇదే. కోట్లమంది మింగిన మాత్రలో రసాయన శాస్త్రవేత్తలు కోత పెట్టిన చోటు ఏదో చెప్పాలంటే, ఏ యుగంలోనో ఒక డొమైను పని మానేసిన చోటని చెప్పాలి.

జన్యువులో మజిలీలు ఏ వరుసలో ఉన్నాయో అణువులోని కార్బన్లూ అదే వరుసలో ఉంటాయన్న సంగతి అప్పట్లో పరిశోధకులను కుదిపేసింది. జన్యువును చదివితే అణువును ఊహించవచ్చు. ఈ సూత్రం వల్లే 2002లో స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ జన్యుపటం బయటికి వచ్చినప్పుడు దానికి అంత విలువ వచ్చింది. ఆ బ్యాక్టీరియా తయారు చేసే పదార్థాలు అప్పటికి తెలిసినవి కొన్నే. జన్యుపటంలో మాత్రం ఇలాంటి పదార్థాలను తయారు చేసే జన్యు సమూహాలు ఇరవైకి పైగా కనిపించాయి. తొలకరి వానకు లేచే మట్టివాసనకు కారణమైన జియోస్మిన్‌ను తయారు చేసే జన్యువు కూడా అందులో ఉంది. ఆ ఎంజైము కుటుంబం వేరు. అక్కడ ఒకే ప్రొటీనులోని రెండు డొమైన్లు వంతులవారీగా పని ముగిస్తాయి.

వరుస తెలిసినంత మాత్రాన యంత్రం అర్థమైనట్టు కాదు. 2006లో స్టాన్‌ఫర్డ్‌లో చైతన్ ఖోస్లా, బ్రౌన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ కేన్ బృందాలు కలిసి అయిదో మజిలీలోని ఒక పెద్ద ముక్కకు స్ఫటిక చిత్రం సాధించాయి. ఖోస్లా చదువుకున్నది ఐఐటీ బొంబాయిలో. ఆ చిత్రంలో కీటోసింథేజ్ పనిచేసే గుంటకూ, ఎసైల్ ట్రాన్స్‌ఫరేజ్ పనిచేసే గుంటకూ మధ్య దూరం దాదాపు 80 ఆంగ్‌స్ట్రామ్‌లని తేలింది. సెంటీమీటరులో పది కోట్ల వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్. గొలుసును పట్టుకునే వాహక ప్రొటీనుకు ఒక సన్నని చేయి ఉంటుంది. విటమిన్ బి5 నుంచి తయారయ్యే ఆ చేయి పొడవు దాదాపు 20 ఆంగ్‌స్ట్రామ్‌లు మాత్రమే. చేయి చాచితే అందే దూరం కాదది. కాబట్టి వాహక ప్రొటీను మొత్తంగా కదిలి, ఒక డొమైను దగ్గర సరుకు అందుకుని, ఇంకో డొమైను ముంగిట వాలాలి. ఎంజైము అంటే తాళం, తాళంచెవి అని చదువుకున్న బొమ్మ ఇక్కడ సరిపోదు.

ఆ కదలికను చూడటానికి స్ఫటికాలు చాలవు, స్ఫటికంలో అన్నీ బిగుసుకుపోయి ఉంటాయి. అణువులను ఒక్కసారిగా గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసే పద్ధతి అక్కరకు వచ్చింది. 2014లో మిషిగన్ విశ్వవిద్యాలయం బృందం ఎరిత్రోమైసిన్‌కు దగ్గరి బంధువైన పిక్రోమైసిన్ ఎంజైములో ఒక మజిలీ మొత్తాన్ని చూపించింది. అది కమాను ఆకారంలో ఉంది, లోపల ఒక గది లాంటి చోటు ఉంది. 2021లో రెండు పరిశోధనలు ఒకేసారి వెలువడ్డాయి. స్టాన్‌ఫర్డ్ బృందం ఎరిత్రోమైసిన్ ఎంజైములోని మొదటి మజిలీని, కార్నెల్ బృందం లసలొసిడ్ అనే పదార్థపు ఎంజైములోని మజిలీని పట్టుకున్నాయి. ప్రతి మజిలీ జంటగా ఉంటుంది, ఒకే ప్రొటీను ప్రతులు రెండు కలిసి నిలబడతాయి. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండాల్సిన ఆ రెండు సగాలూ పని మధ్యలో ఒకేలా లేవు. ఒక పక్క ఒక పని జరుగుతుంటే రెండో పక్క వేరే భంగిమలో ఉంటుంది.

ఇంత సంక్లిష్టమైన యంత్రం ఎక్కడి నుంచి వచ్చింది? దీని బంధువు మన శరీరంలోనే ఉంది. మన కాలేయంలో, కొవ్వు కణాల్లో కొవ్వు ఆమ్లాలు తయారు చేసే ఎంజైము ఉంది. అందులోనూ కీటోసింథేజ్ ముందు, ఎసైల్ ట్రాన్స్‌ఫరేజ్ తర్వాత, ఆపైన కీటోన్‌ను సవరించే మూడు డొమైన్లు, వాహక ప్రొటీను, చివర థయోఎస్టరేజ్. వరుస కూడా అచ్చం అదే. కాకపోతే మన ఎంజైముకు ఉన్నది ఒకే ఒక్క మజిలీ. గొలుసును అక్కడే ఉంచుకుని ఏడుసార్లు అదే పని చేసి, పదహారు కార్బన్ల పామిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ప్రతిసారీ కీటోన్‌ను పూర్తిగా చెరిపేస్తుంది. బ్యాక్టీరియా అలాంటి మజిలీని ప్రతులు తీసి పక్కపక్కనే పేర్చుకుంది. ప్రతులు వేరైన తర్వాత ఒక్కోదానిలో ఒక్కో డొమైను పోయింది. ఎక్కడ ఏది పోయిందో అక్కడ కీటోనో, హైడ్రాక్సిలో, ద్విబంధమో మిగిలింది. కొవ్వు గొలుసు మందుగా మారిన తీరు ఇది.

ప్రతులు తీసుకున్న జాడ చాలా ఎంజైముల్లో మసకబారిపోయింది. ఒక చోట మాత్రం తడి ఆరని సిరాలా కనిపిస్తుంది. పశ్చిమ ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో బురులి పుండు అనే జబ్బు ఉంది. మైకోబ్యాక్టీరియమ్ అల్సెరాన్స్ దానికి కారణం. చర్మం, దాని కింది కొవ్వు కుళ్లిపోతున్నా రోగికి పెద్దగా నొప్పి తెలియదు. బ్యాక్టీరియా తయారు చేసే మైకోలాక్టోన్ అనే విషమే కణాలను చంపుతుంది, నొప్పినీ అణచేస్తుంది. 2004లో ఈ విషాన్ని తయారు చేసే జన్యువులు ఒక ప్లాస్మిడ్ మీద, అంటే బ్యాక్టీరియా ప్రధాన క్రోమోజోముకు విడిగా ఉండే డీఎన్ఏ ముక్క మీద దొరికాయి. ప్లాస్మిడ్ మొత్తం 1,74,000 అక్షరాలైతే, అందులో లక్షకు పైగా మూడే మూడు జన్యువులవి. వాటిలో పెద్దదానిది ఒక్కదానిదే 51,000 అక్షరాలు. విచిత్రం పొడవులో కంటే పోలికలో ఉంది. ఆ మజిలీల్లో ఒకే రకం డొమైన్లను పక్కపక్కన పెడితే నూటికి 97కు పైగా ఒకేలా ఉన్నాయి, కొన్ని అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఎరిత్రోమైసిన్ మజిలీల మధ్య ఇంత పోలిక లేదు. మైకోలాక్టోన్ ఎంజైము పరిణామ కాలమానంలో నిన్న మొన్న పేర్చుకున్నది. ఒక మజిలీని ప్రతులు తీసుకుంటూ పోవడం ద్వారా ఇంత పెద్ద యంత్రం పుడుతుందనడానికి ఇంతకంటే కళ్లకు కట్టే సాక్ష్యం దొరకడం కష్టం. రోగులకు ఇంత హాని చేసే అణువు జన్యుశాస్త్రానికి ఇంత స్పష్టమైన పాఠం చెప్పడం మనసును కలచివేస్తుంది కూడా.

మూడో మజిలీ దగ్గరికి మళ్లీ వెళ్లాలి. అక్కడి కీటోరిడక్టేజ్‌ను చాలాకాలం చచ్చిన డొమైనుగానే లెక్కవేశారు. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో దాని మీద ఒక సున్నా గుర్తు పెట్టేవారు. కానీ ఒక సందేహం మిగిలిపోయింది. మూడో మజిలీలో చేరిన మిథైల్ గుంపు, కలిసిన వెంటనే ఉండాల్సిన దిక్కులో కాక ఎదురు దిక్కులో ఉంది. ఎవరో దాన్ని తిప్పారు. ఎవరు? 2014లో కేన్, ఖోస్లా, టెక్సస్ విశ్వవిద్యాలయపు కీటింజ్-క్లే బృందాలు కలిసి ఐసోటోపులతో, అంటే బరువులో మాత్రమే తేడా ఉన్న పరమాణువులతో చేసిన ప్రయోగాల్లో జవాబు దొరికింది. తిప్పేది ఆ చచ్చిందనుకున్న డొమైనే. కీటోన్‌ను మార్చే శక్తి పోయింది కానీ మిథైల్ దిక్కు మార్చే శక్తి మిగిలింది. ఆ ఒక్క పని కోసమే బ్యాక్టీరియా దాన్ని ఇన్ని యుగాలుగా వదలకుండా ఉంచుకుంది. పని చేయని డొమైను అని పేరుపెట్టే ముందు ఎన్ని రకాల పనులుంటాయో ఆలోచించాలని ఈ ఒక్క ఉదాహరణ చాలు చెప్పడానికి.

ఇలాంటిదే ఇంకొకటి, తెలుగువారికి దగ్గరి సంబంధం ఉన్న మందు వెనక ఉంది. యెల్లాప్రగడ సుబ్బారావు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో పరిశోధన విభాగానికి సారథిగా ఉన్న కాలంలోనే అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. ఆ బ్యాక్టీరియా మిస్సోరీ విశ్వవిద్యాలయపు శాన్‌బోర్న్ పొలం మట్టిలో దొరికింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆ మందు 1948లో ప్రపంచానికి తెలిసింది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు మరణించాడు. ఆరియోమైసిన్‌ను తయారు చేసే ఎంజైముది వేరే ఏర్పాటు. డొమైన్లన్నీ ఒకే ప్రొటీనులో గుచ్చి ఉండవు, చిన్నచిన్న ప్రొటీన్లుగా విడివిడిగా ఉండి కలిసి పనిచేస్తాయి. అందులో కీటోసింథేజ్ ఒక్కటే ఉండదు, తనలాగే ఉండే తోడుతో జంటగా ఉంటుంది. ఆ తోడు కూడా ఒకప్పుడు కీటోసింథేజే. జన్యువు రెండు ప్రతులైన తర్వాత, పనికి ప్రాణమైన సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని అది పోగొట్టుకుంది. గొలుసును పెంచే శక్తి పోయింది. కానీ అది జంటను వదిలిపెట్టలేదు. 2004లో ఇదే రకానికి చెందిన, ఆక్టినోరోడిన్ అనే పదార్థాన్ని తయారు చేసే ఎంజైము నిర్మాణం వెలువడినప్పుడు దాని కొత్త పని కనిపించింది. రెండు ప్రొటీన్లూ ఆనుకున్న చోట ఒక సొరంగం ఉంది. గొలుసు అందులోకి పెరుగుతుంది. సొరంగం ఎంత లోతుంటే గొలుసు అంత పొడవు, ఆ లోతును నిర్ణయించేది ఈ తోడే. పని పోయిన ఎంజైము కొలబద్దగా మారింది.

ఈ చరిత్రను పట్టించుకోకుండా ఎంజైములను కత్తిరించి అతకబోయినవారికి ఎదురుదెబ్బలు తగిలాయి. మజిలీలు ఇంత క్రమంగా ఉన్నాయి కదా, ఒకటి తీసి మరొకటి పెడితే కొత్త మందు వస్తుందన్న ఆశ 1990లలో గట్టిగా ఉండేది. 1999లో కోసాన్ సంస్థ శాస్త్రవేత్తలు ఎరిత్రోమైసిన్ ఎంజైములో డొమైన్లు మార్చి యాభైకి పైగా కొత్త వలయాలు తయారు చేశారు. అది చిన్న విజయం కాదు. కానీ మార్పులు పెరిగే కొద్దీ దిగుబడి పడిపోయింది.

ప్రకృతి ఎలా అతుకుతుందో చూసినవారు వేరే దారి పట్టారు. ఈస్టర్ ద్వీపపు మట్టి నుంచి వచ్చిన రాపమైసిన్ అనే మందును కట్టే ఎంజైములో పద్నాలుగు మజిలీలున్నాయి. 2017లో బ్రిటన్ శాస్త్రవేత్తల బృందం ఒకటి వాటిని ఏరికోరి కత్తిరించలేదు. పోలిక ఉన్న జన్యు భాగాలు తమలో తాము ముడిపడి మార్పిడి చేసుకునే అవకాశాన్ని బ్యాక్టీరియాకే కల్పించింది. ఒకే ప్రయోగంలో కొన్ని మజిలీలు రాలిపోయిన, కొన్ని కొత్తగా చేరిన బ్యాక్టీరియా వంశాలు ఎన్నో పుట్టాయి. వాటిలో చాలా వంశాలు కొత్త అణువులను మంచి దిగుబడితో ఇచ్చాయి. మైకోలాక్టోన్ ఎంజైము పుట్టిన దారినే వాళ్లు గబగబా నడిపించారు.

అతుకు ఎక్కడ పడాలన్న ప్రశ్నకు కూడా జవాబు పాత వంశవృక్షాల నుంచే వస్తోంది. మజిలీ కీటోసింథేజ్‌తో మొదలై వాహక ప్రొటీనుతో ముగుస్తుందని ముప్పై ఏళ్లుగా బొమ్మలు గీశారు. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన కీటింజ్-క్లే 2017లో ఆ గీతను జరపాలని వాదించాడు. పరిణామంలో కీటోసింథేజ్ తన వెనక వచ్చే డొమైన్ల కంటే తన ముందున్న డొమైన్లతోనే కలిసి ప్రయాణించిందని ఆయన వాదన. ఇది సహజంగానే ఉంది. ముందున్నవాళ్లు తయారు చేసి ఇచ్చే సరుకును అందుకోవలసింది అదే కదా, వాళ్ల పనితీరు దానికి అలవాటై ఉండాలి. ఈ లెక్కన ఎరిత్రోమైసిన్‌లో మిథైల్‌ను తిప్పే ఆ డొమైనూ, నాలుగో మజిలీ మొదట్లో గీస్తూ వచ్చిన కీటోసింథేజూ ఒకే మజిలీ కిందికి వస్తాయి. కీటోన్‌ను అలాగే వదిలేది మొదటిది, అలా వదిలిన గొలుసును కాదనకుండా అందుకుని ముందుకు పంపేది రెండోది.